విలియం గెలిచాక ఇంగ్లండులో నిజంగా ఏం మారింది?

హిందూపురం పిల్ల

అందరికీ నమస్తే. బెంగళూరులో లా రెండో ఏడు చదువుతున్నాను. లీగల్ హిస్టరీలో నాకు వచ్చిన సెమినార్ టాపిక్ 1066 నార్మన్ ఆక్రమణ. క్లాసులో చెప్పింది మూడు ముక్కలు: ఫ్రాన్సులోని నార్మండీని ఏలే విలియం వచ్చాడు, ఫ్యూడలిజం (సైనిక సేవకు బదులు భూమి ఇచ్చే పద్ధతి) తెచ్చాడు, అందులోంచి కామన్ లా (రాజు కోర్టుల్లో దేశమంతటికీ ఒకటిగా ఎదిగిన చట్టం) పుట్టింది. నాకు ఎక్కడో అతకడం లేదు. ఫ్రాన్సు ఒడ్డు నుంచి పడవల్లో వచ్చి దిగిన కొన్ని వేలమంది, లక్షల జనం ఉన్న దేశంలో భూమి, చట్టం, కోర్టు అన్నీ ఎలా మార్చేస్తారు? అసలు మార్చారా? ఓరుగల్లు పడ్డాక మన దగ్గర కూడా ఇలాగే జరిగిందా? గురువారం సెమినార్, చచ్చే టెన్షన్‌గా ఉంది. లింకులు ఇవ్వకండి ప్లీజ్, అవి నా దగ్గరా బోలెడున్నాయి.

దొమ్మలూరు మాస్టారు

అమ్మా, ఆ మూడు ముక్కల్లో మొదటిది ఒక్కటే నికరంగా నిజం.

1066 జనవరి 5న ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ పిల్లల్లేకుండా పోయాడు. మర్నాడే అతని బావమరిది, దేశంలో పెద్ద దొర హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. సెప్టెంబరు 25న ఉత్తరాన స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర నార్వే రాజును చంపి గెలిచాడు. మూడు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 14న, దక్షిణాన హేస్టింగ్స్ దగ్గర విలియంతో పోరాడి తనూ చచ్చాడు. ఇద్దరు తమ్ముళ్ళూ అక్కడే పోయారు. క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్‌లో విలియం పట్టాభిషేకం. లోపల జనం జేజేలు కొడుతుంటే బయట కాపలా ఉన్న నార్మన్లు అది తిరుగుబాటు అనుకుని చుట్టుపక్కల ఇళ్ళకు నిప్పు పెట్టారు. అంత భయం మధ్య మొదలైన పాలన అది.

కాని అతనికి దొరికిన రాజ్యం మామూలుది కాదు. ఆ రోజుల్లో పడమటి యూరప్‌లో అంత కుదురైన ప్రభుత్వం ఇంకోటి చూపించడం కష్టం. దేశమంతా షైర్లు, అంటే జిల్లాలు. వాటి కింద హండ్రెడ్‌లు, ఒక్కోదానికి సొంత కోర్టు. ప్రతి షైర్‌లో రాజు మనిషిగా షెరిఫ్. హైడ్ అనే భూమి కొలత లెక్కన గెల్డ్ అనే పన్ను. దేశమంతా ఒకే నాణెం, కొన్నేళ్ళకోసారి పాతది వెనక్కి తీసుకుని కొత్తది వేసేవాళ్ళు. రాజముద్రతో ఒక చిన్న ఉత్తరం వెళితే జిల్లాలో పని జరిగేది. ఇవేవీ విలియం తెచ్చినవి కావు. నార్మండీలో ఇంత పక్కాగా ఉండేవి కూడా కావు. తెలివైనవాడు కనుక వాటిని ముట్టుకోలేదు.

ఓరుగల్లు వైట్‌ఫీల్డ్

మాస్టారూ, కుర్చీలను ముట్టుకోలేదు, ఒప్పుకుంటా. కుర్చీల్లో ఉన్నవాళ్ళను మాత్రం వదల్లేదు కదా.

1066కు ముందు ఇంగ్లండులో థెయిన్‌లు అనే భూస్వాములు వేలల్లో ఉన్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి రాజు దగ్గర నేరుగా భూమి పొందిన పెద్దవాళ్ళలో చెప్పుకోదగ్గ ఇంగ్లీషువాళ్ళు ఇద్దరే మిగిలారు: ఆర్డెన్‌కు చెందిన థర్కిల్, లింకన్‌కు చెందిన కోల్స్‌వెయిన్. మిగతాదంతా విలియం, అతని సవతి తమ్ముళ్ళు, చర్చి, నార్మన్ బారన్లు (పెద్ద దొరలు) పంచుకున్నారు. 1070లో ఆర్చ్‌బిషప్ స్టిగాండ్‌ను దింపేసి ఇటలీలో పుట్టిన లాన్‌ఫ్రాంక్‌ను పెట్టారు. బిషప్పుల్లో చివరికి మిగిలిన ఇంగ్లీషువాడు వుస్టర్‌లోని వుల్ఫ్‌స్టన్ ఒక్కడే.

ఉత్తరాన తిరగబడితే ఏం చేశారో కూడా చెప్పండి. 1069–70 చలికాలంలో యార్క్‌షైర్ చుట్టూ ఊళ్ళు, గాదెలు, గొడ్లు, విత్తనాలు తగలబెట్టారు. లక్షమంది ఆకలికి చచ్చారని ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి రాశాడు. ఆ అంకెను అట్లే నమ్మాల్సిన పని లేదు గాని, పదహారేళ్ళ తర్వాత లెక్కల్లో కూడా అక్కడ ఊరి తర్వాత ఊరి పేరు పక్కన "పాడు" అని రాసి ఉంది. దీన్ని "ప్రభుత్వం అలాగే కొనసాగింది" అని ఒక్క లైనులో తేల్చేస్తే నాకు కోపం వస్తది.

యలహంక వకీలు

ఆ లెక్కల సంగతి నేను చెప్తా, రోజూ భూమి కాగితాలతోనే నా బతుకు కనుక.

1085 క్రిస్మస్‌కు విలియం గ్లోస్టర్‌లో సభ పెట్టి దేశమంతా విచారణ చేయించాలని నిర్ణయించాడు. 1086లో పని జరిగింది. అదే డూమ్స్‌డే బుక్. పదమూడు వేలకు పైగా ఊళ్ళ వివరాలు, లాటిన్‌లో. లండన్, వించెస్టర్ అందులో లేవు, ఉత్తర కొసన ఉన్న జిల్లాలూ లేవు. పెద్ద సంపుటం చాలావరకు ఒక్క గుమాస్తా చేతిరాతే.

మన దగ్గర పహణి తీస్తే సర్వే నంబరు, ఖాతాదారు, పంట, నీటి వసతి ఎలా వస్తాయో అదీ అలాగే ఉంటుంది. ఎడ్వర్డ్ రాజు రోజున ఈ ఊరు ఎవరిది? విలియం ఇచ్చినప్పుడు ఎవరికిచ్చాడు? ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఎన్ని హైడ్‌లు, ఎన్ని నాగళ్ళు, రైతులు ఎంతమంది, బానిసలు ఎంతమంది, పిండి మర ఉందా, అడవి ఎంత, పచ్చిక ఎంత? అప్పుడు విలువెంత, ఇప్పుడెంత, ఇంకా పిండుకోవచ్చా? చివరి ప్రశ్న నిజంగానే అడిగారు. జవాబు చెప్పాల్సింది షెరిఫ్, బారన్లే కాదు. ప్రతి ఊరి నుంచి పూజారి, పెద్ద, ఆరుగురు రైతులు ప్రమాణం చేసి చెప్పాలి.

ఒక్క ఎద్దు, ఒక్క ఆవు, ఒక్క పంది కూడా లెక్క తప్పలేదని, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు వాపోయాడు. నాకైతే అసలు విషయం వేరేచోట ఉందనిపిస్తుంది. "ఎడ్వర్డ్ రాజు రోజున ఎవరిది" అన్న గడి ఉంది చూశారా, అందులో హెరాల్డ్‌ను రాజుగా లెక్కలోకే తీసుకోలేదు. ఎడ్వర్డ్ తర్వాత నేరుగా విలియమే. ఆ తొమ్మిది నెలలూ రికార్డులోంచి కొట్టేశారు. లాక్కున్న భూమి మొత్తం ఆ ఒక్క గడితో న్యాయంగా సంక్రమించిన ఆస్తి అయిపోయింది.

నిద్రపోని కోడర్

ఏడాదిలో పదమూడు వేల ఊళ్ళా? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పార్కింగ్ లిస్టు ఇంకా తేలలేదు.

దొమ్మలూరు మాస్టారు

అదే నేను చెప్పేది నాయనా. షైర్ కోర్టు, హండ్రెడ్ కోర్టు, పన్ను జాబితాలు ముందే లేకపోతే విలియం ఎన్ని గుర్రాలు తెచ్చినా ఆ పుస్తకం తయారయ్యేది కాదు.

ఓరుగల్లు బాబు కోపం న్యాయమే. కాని ఒకటి పక్కన పెట్టి చూడండి. అదే దేశాన్ని సరిగ్గా యాభై ఏళ్ళ ముందు, 1016లో, డెన్మార్క్ నుంచి వచ్చిన క్నూట్ గెలిచాడు. అతనూ విదేశీయుడే, అతనూ కత్తితోనే వచ్చాడు. ఏం చేశాడు? 1018లో దేశం మీద 72,000 పౌన్లు, లండన్ మీద విడిగా 10,500 పౌన్లు పన్ను వేసి, సైన్యంలో ఎక్కువమందికి డబ్బిచ్చి ఇంటికి పంపాడు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో పాత రాజు ఎడ్గార్ చట్టమే పాటిస్తామని ఒప్పందం. అతని చట్టాలు రాసిపెట్టింది యార్క్ ఆర్చ్‌బిషప్ వుల్ఫ్‌స్టన్, ఇంగ్లీషువాడే (వుస్టర్ వుల్ఫ్‌స్టన్ వేరు). పాత రాజు భార్య ఎమ్మాను పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ విలియం తాతకు తోబుట్టువు. అతని కింద పైకొచ్చిన గాడ్విన్ ఇంగ్లీషువాడు, హెరాల్డ్‌కు తండ్రి.

క్నూట్ సైన్యానికి జీతం వెండిలో ఇచ్చాడు, విలియం భూమిలో ఇచ్చాడు. సమాజం తలకిందులు కావడానికి, కాకపోవడానికి తేడా ఎక్కువగా అక్కడే ఉంది. ఎవరు మంచివాడు, ఎవరు చెడ్డవాడు అన్నదాంట్లో కాదు.

హిందూపురం పిల్ల

మాస్టారూ, ఈ క్నూట్ పోలిక బాగుంది, వాడుకుంటాను. ఇంతకీ చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు మార్కులు అక్కడే ఉన్నాయి.

యలహంక వకీలు

చట్టంలో ముందు చూడాల్సింది మర్డ్రమ్ జరిమానా. కొత్తగా వచ్చిన నార్మన్లు రాత్రిపూట దారుల్లో శవాలై తేలుతున్నారు. చంపింది ఎవరో ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు. అప్పుడు విలియం పెట్టిన పద్ధతి ఇది: నార్మన్ హత్యకు గురైతే ఆ చోటి దొర ఐదు రోజుల్లో హంతకుణ్ణి పట్టుకోవాలి. లేకపోతే 46 మార్కుల (అప్పటి డబ్బు లెక్క) వెండి కట్టాలి, అతనికి చాలకపోతే మిగతాది హండ్రెడ్‌లోని జనమంతా కట్టాలి. తర్వాత కాలంలో ఇది ఇంకా బిగుసుకుంది. శవం దొరికితే అది ఫ్రెంచివాడిదే అని ముందే అనుకుంటారు. కాదు, ఇంగ్లీషువాడే అని చుట్టాలు వచ్చి నిరూపిస్తే జరిమానా తప్పుతుంది. అంటే నిరూపించుకునే బరువు పూర్తిగా ఓడినవాళ్ళ మీద. 1340లో గాని ఇది పోలేదు.

రెండోది ద్వంద్వ యుద్ధంతో తీర్పు. అది నార్మన్లు తెచ్చినదే. ఇంగ్లీషువాళ్ళ పాత పద్ధతి ఎర్రగా కాల్చిన ఇనుము పట్టుకోవడం లాంటి దివ్యపరీక్ష. ఫ్రెంచివాడు ఇంగ్లీషువాడి మీద నేరం మోపితే, ఇంగ్లీషువాడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఇంతవరకు ఉదారంగానే ఉంది. ఇప్పుడు తిరగేయండి. ఇంగ్లీషువాడు ఫ్రెంచివాడి మీద నేరం మోపి, పరీక్షకూ యుద్ధానికీ సిద్ధపడకపోతే, ఫ్రెంచివాడు ఒక ప్రమాణం చేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఉరి కూడా తీసేశాడు విలియం. దయ అనుకునేరు. దానికి బదులు కళ్ళు పీకించడం, వృషణాలు కోయించడం. చట్టంలో అలాగే ఉంది.

ఇక అడవి చట్టం. రాజు వేటకని ప్రత్యేకించిన నేలలో జింకను చంపినవాడి కళ్ళు తీసేవాళ్ళు. "అడవి" అంటే చెట్లే ఉండక్కర్లేదు, పొలాలున్న ఊళ్ళు కూడా ఆ గీత లోపలికి వచ్చేవి. హాంప్‌షైర్‌లో న్యూ ఫారెస్ట్ అలా వచ్చిందే. చర్చి కేసులను హండ్రెడ్ కోర్టు నుంచి విడదీసి బిషప్ కోర్టుకు పంపమని కూడా రాజాజ్ఞ ఇచ్చాడు. వందేళ్ళ తర్వాత రెండో హెన్రీకీ ఆర్చ్‌బిషప్ బెకెట్‌కీ జరిగిన గొడవకు వేరు అక్కడుంది. ఆ కథ సెమినార్లో మొదలుపెట్టకమ్మా, బయటికి రాలేవు.

అత్తిలి అక్క

ఇంతసేపూ మగవాళ్ళ భూమి, మగవాళ్ళ శవాలు. ఆడవాళ్ళ సంగతేమిటి?

ఆక్రమణకు ముందు ఇంగ్లండులో పెద్దింటి ఆడవాళ్ళు సొంతంగా భూమి ఉంచుకోవడం, వీలునామా రాయడం మనకు దస్తావేజుల్లో కనిపిస్తుంది. తర్వాత భూమికి సైనిక సేవ ముడిపడింది. వారసురాలు మైనరైతే ఆమె ఆస్తీ ఆమె పెళ్ళీ పైదొర చేతిలోకి వెళ్ళాయి. పెళ్ళి అమ్ముకునే సరుకైంది. 1100లో విలియం కొడుకు మొదటి హెన్రీ పట్టాభిషేకం నాడు ఇచ్చిన మాటల్లో "వితంతువుకు ఆమె ఇష్టం లేకుండా పెళ్ళి చేయను" అన్నది ఒకటి. 1215లో బారన్లు రాజు చేత ఒప్పించిన మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో మళ్ళీ అదే మాట రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి.

ఇంకో సంగతి. హేస్టింగ్స్ తర్వాత చాలామంది ఇంగ్లీషు ఆడవాళ్ళు నార్మన్ల నుంచి తప్పించుకోవడానికి సన్యాసినుల మఠాల్లో దూరారు. భక్తితో కాదు, భయంతో. పరిస్థితి సర్దుకున్నాక వీళ్ళు బయటికి రావచ్చా అన్న ప్రశ్న వచ్చింది. ప్రమాణం చేయకుండా భయంతో వచ్చినవాళ్ళను వదిలేయమన్నాడు లాన్‌ఫ్రాంక్. మొదటి హెన్రీ పెళ్ళాడాలనుకున్న ఈడిత్‌కు ఆ తీర్పే అక్కరకొచ్చింది. ఆమె తల్లి పాత ఇంగ్లీషు రాజవంశపు ఆడపడుచు, ఆమె మఠంలో పెరిగింది. ముసుగు వేసుకుంది కాబట్టి సన్యాసినే అని కొందరు అడ్డుపడ్డారు. నార్మన్ల కన్ను పడకుండా మా పిన్ని నా తల మీద గుడ్డ కప్పేది, ఆవిడ అటు తిరగ్గానే నేను దాన్ని కింద పడేసి తొక్కేదాన్ని అని చెప్పిందట. చర్చి పెద్దలు విని ఆమె సన్యాసిని కాదని తేల్చారు. 1100లో పెళ్ళయింది.

కోలారు కుర్రోడు

ఇంత దూరం ఎందుకు పోతారు, దొమ్మలూరులోనే ఉంది కదా మాస్టారూ మీకు. చొక్కనాథస్వామి గుడిలో శాసనాలు తమిళంలో ఎందుకున్నాయి? మడివాళ సోమేశ్వర గుడి గోడ మీద కూడా తమిళమే. 1004 ప్రాంతంలో చోళులు గంగవాడిని, అంటే ఇప్పటి దక్షిణ కర్ణాటకను గెలిచారు. తలకాడు పేరు రాజరాజపురం అయింది, గంగవాడి ముడిగొండచోళ మండలం అయింది, మా కోలారు వైపు నికరిలిచోళ మండలం అయింది. కోలారమ్మ గుడిలో రాజేంద్రుడి శాసనాలున్నాయి. పేర్లు మార్చారు, శాసనాల భాష మార్చారు. ఊరి గావుండలు, అంటే ఊరి పెద్దలు, మాత్రం గావుండలుగానే ఉన్నారు. 1116 ప్రాంతంలో హొయ్సళ విష్ణువర్ధనుడు తలకాడును తిరిగి గెలుచుకుని అక్కడ కీర్తినారాయణ గుడి కట్టించాడు.

మోడరేటర్

కోలారు బ్రదర్, బాగుంది. చోళులు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్న గొడవ మాత్రం ఇక్కడ మొదలుపెట్టొద్దు. పోయినసారి ఆ థ్రెడ్ మూసేయాల్సి వచ్చింది.

ఓరుగల్లు వైట్‌ఫీల్డ్

ఓరుగల్లు గురించి అడిగిన చెల్లికి. సిల్క్‌బోర్డ్ దగ్గర బస్సులో ఇరుక్కుని రాస్తున్నా, అక్షర దోషాలుంటే సర్దుకోండి.

1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లు కోట పట్టాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున పోయాడు. నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు, ఆ పేరుతో నాణేలు కూడా కొట్టారు. అగ్రహారాలు లాక్కున్నారని, రైతు పండించింది రైతుకు దక్కలేదని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెప్తది. ఓడినవాళ్ళ వైపు నుంచి రాసింది కనుక కాస్త ఘాటుగా ఉంటది, అయినా పక్కన పెట్టలేం.

ఇంతవరకు హేస్టింగ్స్ లాగే ఉంది. కాని 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు. ఢిల్లీ పాలన పట్టుమని పదిహేనేళ్ళు నిలవలేదు. ఎందుకు? నాకు తోచింది ఇది. కాకతీయ రాజ్యంలో బలం నాయంకరాలు (సైనిక సేవకు బదులు ఇచ్చిన ఊళ్ళ ఆదాయం) పొందిన నాయకుల దగ్గర ఊరూరా పరుచుకుని ఉంది. ఎవరి కోట వాళ్ళది, ఎవరి మనుషులు వాళ్ళకు. రాజు పోయినా వాళ్ళు పోలేదు. కాపయ వెంట 75 మంది నాయకులున్నారని 1423 నాటి కలువచేరు శాసనం చెప్తది. ఇంగ్లండులో రాజు, షెరిఫ్, షైర్, పన్ను అన్నీ ఒకే తీగకు అల్లుకుని ఉన్నాయి. హెరాల్డ్, తమ్ముళ్ళు ఒక్క రోజులో పోయేసరికి ఆ తీగ విలియం చేతికి వచ్చింది. ఎంత బాగా అమర్చిన రాజ్యమో అంత తేలిగ్గా చేతులు మారింది. మాస్టారు పొగిడిన కుదురైన ప్రభుత్వమే ఇంగ్లీషువాళ్ళ కొంప ముంచిందని నా వాదన.

ఇంకోటి. ఢిల్లీ వాళ్ళు మన వాళ్ళలో లొంగినవాణ్ణి పైకి రానిచ్చారు. కాకతీయ కొలువులోని ఒక పెద్ద నాయకుడు మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు, ఫిరోజ్ షా కాలంలో ఢిల్లీ సల్తనతుకే వజీరు అయ్యాడు. విలియం దగ్గర చివరిదాకా మిగిలిన ఇంగ్లీషు ఎర్ల్ (పెద్ద ప్రాంతానికి దొర) వాల్తియోఫ్‌కు రాజు మేనకోడలినే ఇచ్చి పెళ్ళి చేశారు. 1076లో తల తీశారు.

దొమ్మలూరు మాస్టారు

బాబూ, వాదన బాగుంది, సగం ఒప్పుకుంటాను. దూరాన్ని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. ఢిల్లీ నుంచి ఓరుగల్లుకు సైన్యం రావాలంటే నెలలు. నార్మండీ నుంచి సస్సెక్స్‌కు మంచి గాలుంటే ఒక రాత్రి ప్రయాణం. పైగా విలియం ఎక్కడ అడుగు పెడితే అక్కడ కోట కట్టాడు. మట్టి దిబ్బ పోసి పైన చెక్క బురుజు, అంతే, వారాల్లో పూర్తి. లింకన్‌లో కోట కోసం 166 ఇళ్ళు కూల్చారని డూమ్స్‌డేలోనే ఉంది.

అసలు నీ నాయకుల్లాంటి వాళ్ళు ఇంగ్లండులోనూ లేకపోలేదు. ఎగ్జిటర్, యార్క్, ఈలీ, ఒక్కొక్కటీ తిరగబడింది. అన్నీ కలిసి ఒకేసారి తిరగబడలేదు, అదే దెబ్బ.

అత్తిలి అక్క

కింది వాళ్ళ గురించి ఒక్క మాట. డూమ్స్‌డేలో లెక్కకొచ్చినవాళ్ళలో పదో వంతు దాకా బానిసలు. నార్మన్ల కాలంలో అది తగ్గుతూ వచ్చింది. మనుషుల్ని పశువుల్లా అమ్మకూడదని 1102 వెస్ట్‌మినిస్టర్ సభలో చర్చి తీర్మానం చేసింది. మంచిదే. కాని అదే కాలంలో స్వేచ్ఛగా ఉన్న రైతులు కిందికి దిగారు. బకింగ్‌హామ్‌షైర్‌లో మార్ష్ గిబ్బన్ అనే ఊరు ఎడ్వర్డ్ కాలంలో ఐల్రిక్ అనే అతని సొంతం. 1086లో అదే ఐల్రిక్ అదే ఊరిని నార్మన్ దొర దగ్గర కౌలుకు చేస్తున్నాడు, "భారంగా, దీనంగా" అని గుమాస్తా రాశాడు. ఆ పొడి లెక్కల పుస్తకంలో ఆ రెండు మాటలు ఎలా దూరాయో గాని, నాకు మొత్తం ఆక్రమణ అక్కడే కనిపిస్తుంది.

హిందూపురం పిల్ల

అక్కా, ఐల్రిక్‌తోనే మొదలుపెడతాను. ఒక్క డౌట్ మిగిలింది. మరి కామన్ లా విలియం తెచ్చింది కానట్టేగా?

యలహంక వకీలు

కాదు. రెండో హెన్రీ 1154లో రాజయ్యాడు. 1166 క్లారెండన్ శాసనంలో హండ్రెడ్‌కు పన్నెండుగురు, ఊరికి నలుగురు ప్రమాణం చేసి దొంగలెవరో హంతకులెవరో చెప్పాలన్నాడు. ఇంచుమించు అప్పుడే, ఈమధ్య భూమి లాక్కోబడినవాడు రాజు రిట్, అంటే రాజముద్ర ఉన్న ఆజ్ఞాపత్రం, కొనుక్కుని పన్నెండుగురు స్థానికుల ముందు తేల్చుకునే పద్ధతి వచ్చింది. చూడు ఎలా కలిసిందో. రాజముద్ర ఉత్తరం ఇంగ్లీషువాళ్ళది. దేశమంతా ప్రమాణం చేయించి నిజం రాబట్టడం విలియం డూమ్స్‌డేకు భారీగా వాడినది. భూమి అంతా చివరికి రాజు నుంచే అన్నది ఆక్రమణ ఫలితం. మూడూ కలిస్తే హెన్రీ కోర్టు. మన హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేసేటప్పుడు ఆ పాత ఉత్తరాన్నే వేస్తున్నాం.

దొమ్మలూరు మాస్టారు

ఆ హెన్రీ ఖజానాదారు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల్లో పన్నుల కచేరీ పద్ధతుల మీద ఒక గ్రంథం రాశాడు. ఇందాక వకీలు గారు చెప్పిన మర్డ్రమ్ అందులో వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు, నార్మన్లు కలిసి బతుకుతూ ఒకరినొకరు పెళ్ళాడి ఎవరు ఎవరో పోల్చలేనంతగా కలిసిపోయారని అంటాడు. వందేళ్ళకు ఆ గీత చెరిగిపోయిందన్నమాట.

ఓరుగల్లు వైట్‌ఫీల్డ్

మాస్టారూ, ఆ వాక్యం పూర్తిగా చెప్పండి. స్వేచ్ఛ ఉన్నవాళ్ళ గురించే అంటున్నా అన్నాడు కదా ఆయన. దొర నేలకు కట్టుబడిన విలీన్లను మినహాయించాడు. వాళ్ళలో ఎవడైనా హత్యకు గురైతే మర్డ్రమ్ జరిమానా లేదు, ఎందుకంటే వాడు ఇంగ్లీషువాడే అని చూడగానే తెలుసు.

దొమ్మలూరు మాస్టారు

ఉంది. అది కూడా అదే పేరాలో ఉంది.